వాహన విక్రయము - వ్యవహార ధర్మము



మంచిర్యాలలో నా పూర్వశిష్యుఁ డొకఁడు నా యింటికి వచ్చి, "పంతులుగారూ, నా లాన్సరు కారు నమ్మఁదలఁచితిని. దాని లోపములన్నియుఁ గొనువానికిఁ జెప్పవలయునా?" యని యడిగెను. ప్రశ్న చిన్నది, దాని వెనుకనున్న చరిత్ర పెద్దది.

జపానుదేశపు మిత్సుబిషివారి లాన్సరును 1998లో హిందూస్థాన్ మోటార్సువారు చెన్నపట్టణ సమీపమందలి తిరువళ్ళూరున నిర్మింపసాగిరి. ఆ దినములలోనే ఫిన్లండు దేశీయుఁడగు టామీ మాకినెన్, అదే పేరుగల పందెపుఁగారుతో 1996 మొదలు 1999 వఱకు వరుసగా నాలుగుమాఱులు ప్రపంచ ర్యాలీ విజేత యయ్యెను. ఆ కీర్తికి మోహపడిన యువకులు కొందఱు సామాన్యపు లాన్సరునకే టర్బో తగిలించి, స్ప్రింగులు కుదించి, సైలెన్సరు మార్చిరి. నా శిష్యుఁడును నట్టివాఁడే. టర్బో యొత్తిడికి పిస్టను కరఁగఁగా, ఇంజను విప్పి కట్టించెను. ఆ మాట చెప్పిన ధర తగ్గునని వాని భయము.

మన పూర్వు లీ చిక్కు నెఱుఁగనివారు కారు. యాజ్ఞవల్క్యస్మృతి కొన్న వస్తువును బరీక్షించుటకు గడువులు విధించినది: ఇనుమునకు 1 దినము, బరువు మోయు పశువునకు 5, రత్నములకు 7, విత్తనములకు 10. ఎద్దు కాడి క్రింద నిలుచునో కూలునో సంతలోఁ దెలియదు గదా! దోషముగల సరకును నిర్దోషమని యమ్మినవానికి వెలకు రెట్టింపు దండనము. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరావ్యాఖ్య వ్రాయఁగా, 13వ శతాబ్దమున కేతన దానిని దెనిఁగించెను.

నేఁటి శాసనములును నీ త్రోవనే నడచుచున్నవి. బుద్ధిపూర్వకముగ దోషము దాఁచుట మోసమని 1872 నాఁటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. నిర్మాతలు నిర్దేశించిన లక్షణములకు విరుద్ధముగ వాహనమును మార్పరాదని 2019 జనవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రిజిస్టరులోఁ బేరు మాఱనంతకాలము ప్రమాదపరిహారభారము పాత యజమానిదే యని 2018లో నదే న్యాయస్థానము నిర్ణయించెను. కావున దాఁచినవాఁడు కొనువానినే కాదు, తన్నుఁ దానుగూడ వంచించుకొనును.

నే నింతయుఁ జెప్పి, "నాయనా! రేపు రాజీవ్ రహదారిపై నా కారులో ఆలుబిడ్డలతోఁ బోవువాఁడు నీ మాటనే నమ్మి కూర్చుండును" అంటిని. వాఁడు టర్బో తీయించి, అటుకపై దాఁచిన పాత స్ప్రింగులను, సైలెన్సరును మరల బిగింపించి, ఇంజను సంగతి కాగితముపై వ్రాసి కొనువాని చేతికిచ్చెను. ధర తగ్గినమాట నిజమే. పదునాలుగు దినములలోపల రవాణాకార్యాలయమునకుఁ దెలుపవలసిన పత్రములపై నిరువురును సంతకములు చేసిరి.

యంత్రములు మాఱినవి, అమ్మువాని ధర్మము మాఱలేదు.