స్కీయింగ్: మంచు పడకపోతే సీజన్ ఎలా? గుల్మార్గ్, ఔలిల్లో సర్కారు ఏం చేస్తోంది?

స్కీయింగ్ అంటే మన దేశంలో ముందుగా గుర్తొచ్చేవి రెండే.. కశ్మీర్‌లోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలి. ఈ రెండు చోట్లా జనాన్ని కొండపైకి చేర్చే ప్రధాన ఏర్పాట్లు ప్రభుత్వ సంస్థలవే. కానీ మంచు మాత్రం సర్కారు చేతుల్లో లేదు. మరి సీజన్‌ను ఎలా నెట్టుకొస్తున్నారు?

గుల్మార్గ్‌కు ఎత్తే బలం

ఇక్కడి గొండోలాను జమ్మూకశ్మీర్ ప్రభుత్వానికి చెందిన కేబుల్ కార్ కార్పొరేషన్ నడుపుతోంది. తొలి దశ 1998లో, రెండో దశ 2005లో మొదలయ్యాయి. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటే, రెండో దశ అఫర్వత్ కొండపై 3,900 మీటర్లు దాటేస్తుంది. కింద మంచు కరిగినా పైన నిలుస్తుంది. అందుకే మార్చిలోనూ స్కీయింగ్ సాగుతుంది. వేసవిలో టూరిస్టుల కోసం గొండోలా తిరుగుతుంది కాబట్టి మంచు లేని నెలల్లోనూ ఆదాయం వస్తుంది.

అయినా చిక్కులు తప్పడం లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ మంచు లేక వెలవెలబోయింది. 2025 ఫిబ్రవరిలో ఇక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి.

ఔలిలో మెషీన్లు ఉన్నా..

ఔలిలో చెయిర్ లిఫ్ట్, స్కీ కోర్సులు గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ చూస్తోంది. 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం ఇక్కడ కృత్రిమ మంచు మెషీన్లు పెట్టారు. నీళ్ల కోసం చెరువు కూడా తవ్వారు. అయినా 2023లో జాతీయ పోటీలు మంచు లేక రద్దయ్యాయి. అదే ఏడాది జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగడంతో అక్కడి నుంచి ఔలికి వెళ్లే రోప్‌వేను కూడా ఆపేశారు.

కృత్రిమ మంచు ఎలా తయారవుతుంది?

నీటిని సన్నని తుంపరలుగా చేసి, గాలి ఒత్తిడితో చల్లని వాతావరణంలోకి చిమ్ముతారు. అవి నేలను తాకేలోపే గడ్డకట్టాలి. ఇందుకు చలితో పాటు గాలి పొడిగా ఉండాలి. తేమ ఎక్కువైతే ఇంకా ఎక్కువ చలి కావాలి. అంటే మెషీన్ కొన్నంత మాత్రాన సరిపోదు.. నీళ్లు, కరెంటు, సిబ్బంది, చలి రాత్రులు అన్నీ ఒకేసారి కుదరాలి.

న్యూయార్క్ ఏం చేసింది?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం వైట్‌ఫేస్, గోర్, బెల్లెయర్ స్కీ కేంద్రాలను సొంతంగా నడుపుతోంది. ఇందుకోసం 1981లో ఏర్పాటైన అథారిటీ ఉంది. దానికి ఏడాది ముందు అక్కడి లేక్ ప్లాసిడ్‌లో జరిగిన వింటర్ ఒలింపిక్స్‌లోనే తొలిసారి కృత్రిమ మంచు వాడారు. ఇప్పుడు ఈ మూడు కొండల్లోనూ ఎక్కువ భాగం రన్‌లకు పైపులతో మంచు చల్లే ఏర్పాటుంది. చలి రాగానే మందంగా పరత వేసి, రోలింగ్ మెషీన్లతో అదిమి ఉంచుతారు. వసంతంలో ఎండ ముదిరినా ఈ పరత త్వరగా కరగదు. సీజన్ పొడిగింపు రహస్యం ఇదే. అయితే దీనికి ఏటా నిర్వహణ ఖర్చు తప్పదు. రాష్ట్ర ఖజానా నుంచి కూడా నిధులు ఇస్తున్నారు.

నష్టం ఎవరికి?

మంచు పడకపోతే ముందు దెబ్బ తగిలేది స్లెడ్జ్ లాగేవాళ్లకు, గైడ్లకు, స్కీలు అద్దెకిచ్చేవాళ్లకు. వాళ్ల ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఈ కొన్ని వారాల్లోనే రావాలి. తెలుగు రాష్ట్రాల నుంచి మంచు కోసం వెళ్లేవాళ్లు కూడా టికెట్లు బుక్ చేసుకునే ముందు తాజా పరిస్థితి కనుక్కోవడం మంచిది.