బీదరు సాహిబ్, ముడుమాల సిద్ధయ్య

యాగంటికి వెళ్లినవాళ్లలో చాలామంది బసవన్న చుట్టూ తిరిగి, పెరుగుతున్నాడా లేదా అని కాసేపు వాదించుకుని, కోనేట్లో మునిగి, ఉమామహేశ్వరుణ్ణి దర్శించుకుని బస్సెక్కేస్తారు. మెట్లెక్కి గుహల దాకా వెళ్లేది కొందరే. అగస్త్యుడి గుహ, వేంకటేశ్వరస్వామి గుహ చూశాక ఇంకొకటి ఉంటుంది. పైకప్పు తక్కువ, వంగి వెళ్లాలి. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి అక్కడ కూర్చుని కాలజ్ఞానం కొంత రాశారనీ, శిష్యులకు బోధ చేశారనీ ఈ ప్రాంతపు నమ్మకం. కాలజ్ఞానం అనగానే అందరికీ బసవన్న రంకె వేయడం గుర్తొస్తుంది. ఆ బోధ ఎవరికి జరిగిందన్నది మాత్రం అంతగా గుర్తుండదు. వినేవాళ్లలో ముందు వరసలో ఉన్నది ఒక దూదేకుల కుర్రవాడు.

అతని పేరు సిద్ధయ్య, ఊరు ముడుమాల. తండ్రి పీరుసాహెబు, తల్లి ఆదంబీ. కొడుకు బ్రహ్మంగారి వెంట పడి ఇల్లు విడిచాడని వాళ్లు కడప నవాబు దగ్గర మొర పెట్టుకున్నారు. నవాబు పిలిపించి, హిందువు కాళ్ల దగ్గర ఏం పని నీకు అని గద్దించాడు. సిద్ధయ్య తన నమస్కారానికి తట్టుకోగలిగేది తన గురువొక్కడేనని చెప్పి, ఎదురుగా ఉన్న బండరాతికి దణ్ణం పెడితే అది పగిలిపోయిందట. కథ నిజమా కాదా అన్న చర్చ నాకు అక్కర్లేదు. ఒక తురక పిల్లవాడు, కంసాలి కులంలో పెరిగిన గురువు, వాళ్లిద్దరి మధ్య ఉన్న ఆ బంధాన్ని రాయలసీమ ఇన్ని తరాలుగా తప్పు పట్టలేదు, తలకెత్తుకుంది. 1984లో ఎన్టీ రామారావు బ్రహ్మంగారిగా, బాలకృష్ణ సిద్ధయ్యగా వచ్చిన సినిమాకు ఈ సీమ పల్లెల్లో బండ్లు కట్టుకుని వెళ్లారంటే కారణం అదే.

సిద్ధయ్యతోపాటు మాదిగ కక్కయ్య ఉన్నాడు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఉంది. ఆమె ఆవుల్ని రవ్వలకొండ మీద కాసినవాడే తర్వాత ఆమెకు గురువయ్యాడు. ఊళ్లో పెద్ద రెడ్డిసాని తన పశువులకాపరి ముందు శిష్యురాలిగా కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

సంప్రదాయం ప్రకారం బ్రహ్మంగారు కందిమల్లాయపల్లెలో సజీవ సమాధిలోకి వెళ్లింది 1693లో, వైశాఖ శుద్ధ దశమి నాడు. ఆరేళ్లకు, 1699లో, ఇక్కడికి చాలా దూరాన ఆనంద్‌పూర్‌లో బైశాఖి పండగ రోజున ఒక సభ జరిగింది. సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ కత్తి దూసి, తల ఇచ్చేవాళ్లెవరని అడిగాడు. ఒకరి తర్వాత ఒకరు అయిదుగురు లేచారు. లాహోరు నుంచి వచ్చిన దయారామ్ ఖత్రీ. హస్తినాపురం ధరమ్‌దాస్ జాట్ రైతు. పూరీ జగన్నాథం నుంచి వచ్చిన హిమ్మత్ నీళ్లు మోసేవాడు. ద్వారక మొహకమ్‌చంద్ గుడ్డలకు అద్దకం వేసేవాడు. అయిదోవాడు సాహిబ్‌చంద్ క్షురకుడు, మన పక్కనున్న బీదరు మనిషి.

ఆ సభలో జరిగిన రెండో సంగతే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. ఒకే ఇనపగిన్నెలో చక్కెర కలిపిన నీళ్లను కత్తితో కలియతిప్పి ఆ అయిదుగురికీ తాగించాక, గురువు వాళ్ల ముందు తాను చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ నీళ్లే తనకూ ఇమ్మన్నాడు. ఎంగిలి, మైల, అంటు అనే మాటల మీద నడిచే సమాజంలో నీళ్లు మోసేవాడూ క్షురకుడూ తాగిన గిన్నెలోంచి గురువు తాగాడు. ఆ రోజు నుంచి మగవాళ్లందరూ సింగ్, ఆడవాళ్లందరూ కౌర్. ఇంటిపేరును బట్టి కులం పట్టేసే అలవాటు తెలుగువాళ్లకు బాగా తెలుసు కాబట్టి ఆ నిర్ణయం ఎంత లోతుగా కోసిందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. బీదరు సాహిబ్ సాహిబ్ సింగ్ అయి, చివరికి చమ్‌కౌర్ యుద్ధంలో గురువు కోసం ప్రాణమిచ్చాడు.

బీదరుకు సిక్కులతో సంబంధం అంతకు ముందే ఉంది. 16వ శతాబ్దం మొదట్లో గురునానక్ దక్షిణాదికి వచ్చినప్పుడు ఆ ఊరి బయట ఆగాడనీ, తాగడానికి మంచినీళ్లు లేవని అక్కడి ఫకీర్లూ జనమూ చెబితే కాలితో రాయి తొలగించగా ఊట పుట్టిందనీ చెబుతారు. నానక్ ఝీరా గురుద్వారాలో ఎర్రమట్టి రాతి కొండలోంచి ఆ నీరు ఇప్పటికీ పారుతోంది. యాగంటి పుష్కరిణిలోకి నందినోటి నుంచి పడే నీళ్లలాగే అక్కడి ఊటనూ జనం సీసాల్లో పట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు. నానక్ వెంట రబాబు వాయిస్తూ తిరిగిన మర్దానా ముస్లిం. బ్రహ్మంగారి వెంట సిద్ధయ్య ఎలాగో అక్కడ అతను అలాగ. ముక్త్‌సర్ యుద్ధంలో సిక్కులను నడిపిన మాయీ భాగో కడపటి రోజులు గడిపింది బీదరు పక్కనున్న జన్వాడలోనేనని సిక్కులు చెప్పుకుంటారు.

ఇంతవరకూ రెండు కథలూ పక్కపక్కనే నడుస్తాయి. ఇక్కణ్ణుంచి దారులు చీలాయి. నా ఉద్దేశంలో సిక్కులు గురువుల మాటను రెండు చోట్ల కట్టేశారు. ఒకటి వంటశాలలో, రెండోది గద్దె మీద. మనం బ్రహ్మంగారి మాటను తత్వాల్లో దాచుకున్నాం.

వంటశాల, అంటే లంగరు సంగతి చూడండి. ఏ గురుద్వారాకైనా వెళ్లండి. చెప్పులు విడిచి, కాళ్లూ చేతులూ కడుక్కుని, తలకు గుడ్డ కప్పుకుని నేల మీద పరచిన పొడుగాటి పట్టా మీద వరసలో కూర్చోవాలి. పీటలు లేవు, పెద్దవాళ్లకు వేరే బల్ల లేదు. రొట్టె వేసేటప్పుడు కంచం చాపరు, రెండు చేతులూ చాచి ప్రసాదంలా అందుకుంటారు. పప్పు, కూర, అన్నం, ఒక్కోసారి పాయసం. మాంసం వండరు. ఏ మతంవాళ్లు వచ్చి కూర్చున్నా సంకోచం లేకుండా తినాలన్నది ఉద్దేశం. వడ్డించేవాడు కార్లో వచ్చిన వ్యాపారి కావచ్చు, ఎంగిలి కంచాలు తోముతున్నది ఆఫీసరమ్మ కావచ్చు. మూడో గురువు అమర్‌దాస్ తనను చూడవచ్చినవాళ్లు ముందు పంక్తిలో కూర్చుని తినాలని నియమం పెట్టాడు. అక్బరు పాదుషా వచ్చినా అదే నియమం వర్తించిందని సిక్కులు గర్వంగా చెబుతారు.

ఇప్పుడు మన క్షేత్రాల వైపు చూడండి. శ్రీశైలంలో అన్నదానానికి కొదవ లేదు, కడుపునిండా పెడతారు. కానీ సత్రాల బోర్డులు చదువుకుంటూ పోతే మన కులాల జాబితా మొత్తం తెలిసిపోతుంది. ఎవరి సత్రం వారిది. బస అడిగితే ముందు అడిగేది మీరెవరని. మహానందిలోనూ ఈ పద్ధతి ఉంది. కట్టించినవాళ్లది పుణ్యబుద్ధే, అందులో అనుమానం లేదు. ఆకలికి లేని కులాన్ని అన్నానికి అంటగట్టడమే నాకు మింగుడుపడదు.

మన దగ్గర కలిసి నడిచిన దారులు అసలే లేవని అనను. అహోబిలం పారువేట ఉత్సవంలో నరసింహస్వామి పల్లకి సంక్రాంతి నుంచి నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతుంది. చెంచులు ఆయన్ని తమ అల్లుడంటారు. పల్లకి దిగిన ఊరు ఆ రోజు అందరిదీ. అయితే పల్లకి కదిలాక ఊరు మళ్లీ ఎప్పటి ఊరే.

రెండోది గద్దె. నాలుగో గురువు రామ్‌దాస్ నుంచి సిక్కుల గురుపీఠం సోధీల ఒక్క కుటుంబంలోనే నడిచింది. గోవింద్ సింగ్ 1708లో నాందేడ్‌లో కన్నుమూసే ముందు ఆ వరసను తెంచాడు. ఇకమీదట మనిషి గురువు లేడు, గ్రంథమే గురువన్నాడు. అయిదో గురువు అర్జున్ 1604లో కూర్చిన ఆ గ్రంథంలో సాలె కబీరు ఉన్నాడు, చెప్పులు కుట్టే రవిదాసు ఉన్నాడు, దర్జీ నామదేవుడు ఉన్నాడు, ముస్లిం సూఫీ షేక్ ఫరీద్ ఉన్నాడు. 1,430 పుటల ఆ పుస్తకం ముందు ఎంతటి సిక్కయినా తల వంచాల్సిందే. తల వంచినప్పుడల్లా రవిదాసుకూ ఫరీదుకూ వంచినట్టే.

మన కథలో గురువు చివరి కానుక సిద్ధయ్యకే దక్కింది. సమాధికి ముందు బ్రహ్మంగారు అతణ్ణి పూలు తెమ్మని బనగానపల్లెకు పంపారు. తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. గోలుగోలున ఏడ్చిన శిష్యుడికి దండం, పాదుకలు అందాయని కథ. అయితే కందిమల్లాయపల్లె మఠాధిపత్యం మాత్రం స్వామివారి వంశంలోనే నడుస్తూ వచ్చింది. 2021లో ఆ వారసత్వం గురించి వచ్చిన తగవు పత్రికలకెక్కింది. సిద్ధయ్య మఠం ముడుమాలలో విడిగా ఉంది.

ఇంత చెప్పాక సిక్కుల ఇంట్లో కులం లేదనుకుంటే పొరపాటు. పారిశుధ్య పనులు చేసిన కులాల నుంచి వచ్చిన మజహబీ సిక్కులను గురువుల తర్వాతి కాలంలో చాలా గురుద్వారాల్లో దూరం పెట్టారు. 1920 అక్టోబరు 12న అమృత్‌సర్‌లో, అప్పుడే ఆ చక్కెరనీళ్ల దీక్ష, అంటే అమృతం, పుచ్చుకున్న ఈ కులాలవాళ్లు స్వర్ణాలయానికి కడా ప్రసాదం తెస్తే అర్చకులు ముట్టుకునేది లేదన్నారు. వాదన పెరిగింది. చివరికి గ్రంథాన్నే తీర్పు అడుగుదామన్నారు. పుట తెరిచి చదివితే, తక్కువని తోసేసినవాళ్లనూ గురువు అక్కున చేర్చుకుంటాడన్న భావం వచ్చింది. ప్రసాదం తీసుకున్నారు. అకాల్ తఖ్త్ పూజారులు మాత్రం స్థానం వదిలి వెళ్లిపోయారు. గురుద్వారాల యాజమాన్యం మహంతుల చేతుల్లోంచి జనం చేతికి వచ్చిన ఉద్యమానికి ఆ రోజు ఒక మలుపు. తమ గ్రంథం తమనే తప్పు పట్టగలిగే ఏర్పాటు ఉండబట్టే ఆ మార్పు సాధ్యమైంది. అయినా ఊళ్లలో వేరు గురుద్వారాలూ వేరు శ్మశానాలూ పోలేదు. 1950లో షెడ్యూల్డు కులాల జాబితాలో మజహబీ, సిక్లీగర్ లాంటి నాలుగు సిక్కు కులాలకే చోటు దక్కింది, మిగిలిన దళిత సిక్కులకు 1956 దాకా ఆగాల్సి వచ్చింది. కులం లేదన్న మతం తన దళితుల కోసం కులం ఉందని ఒప్పుకోవాల్సి రావడం బాధాకరమే. కానీ ఒప్పుకోకుండా కళ్లు మూసుకోవడం అంతకన్నా అన్యాయమయ్యేది.

తెలుగు నేల మీద సిక్కులు ఎలా స్థిరపడ్డారన్నది వేరే కథ. 1832లో హైదరాబాదులో నాలుగో నిజాం నసీరుద్దౌలా పాలిస్తున్నాడు, వ్యవహారమంతా దివాను చందూలాల్ చేతిలో ఉంది. శాంతిభద్రతలకూ శిస్తు వసూలుకూ మనుషులు కావాలంటే పంజాబు మహారాజు రంజిత్ సింగ్ సైన్యాన్ని పంపాడు. ముస్లిం ప్రభువు, హిందూ దివాను, సిక్కు సిపాయిలు. లాహోరీ ఫౌజు అని పిలిచిన ఆ దండు అత్తాపూర్ దగ్గర బరంబలాలో మకాం వేసింది. అక్కడి గురుద్వారా ఇప్పటికీ ఉంది, చుట్టూ ఉన్న పేట సిక్కు ఛావనీ. జిల్లాల ఖజానాలకు కాపలా కాస్తూ వాళ్లు నిజామాబాదు, కరీంనగర్, వరంగల్ వైపు పాకారు. చాలామంది ఇక్కడి అమ్మాయిలనే పెళ్లాడారు. ఇప్పుడు ఆ ఇళ్లలో గురుముఖి ప్రార్థన, దక్కనీ ఉర్దూ, తెలుగు మూడూ వినిపిస్తాయి. నాందేడూ బీదరూ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనివే కాబట్టి వాళ్లకు యాత్ర అంటే పక్క జిల్లాకు వెళ్లడమే.

దక్కనీ సిక్కుల మీద అధ్యయనం చేసిన పంజాబీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బీరిందర్ పాల్ సింగ్ రచన చదివితే, దేశ విభజన తర్వాత వచ్చిన పంజాబీ సిక్కులకూ వీళ్లకూ మధ్య ఉన్న దూరం తెలుస్తుంది. ఇనప పనిముట్లూ తాళాలూ చేసుకుని బతికే సిక్లీగర్లకు ఆ ఇద్దరి మధ్యా చోటు ఇంకా ఇరుకు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సిక్కులు సుమారు 40 వేల మంది. ఇంత చిన్న సమూహంలోనూ అంతరాలు ఉన్నాయి.

పొరుగు మతంతో సంబంధం కూడా ఎప్పుడూ సాఫీగా లేదు. 2014 మే 14న ఆ ఛావనీ పక్కనే కిషన్‌బాగ్‌లో సిక్కుల పవిత్ర జెండా నిశాన్ సాహిబ్‌ను తగలబెట్టారని మొదలైన గొడవ సిక్కులకూ ముస్లింలకూ మధ్య కొట్లాటగా మారింది, కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. దాదాపు రెండు వందల ఏళ్ల ఇరుగుపొరుగు ఒక్క ఉదయంలో తెగిపోగలదని ఆ వీధి చూసింది. అయినా అక్కడి లంగరు ఏ మతంవాణ్ణీ పేరు అడగలేదు, ఇప్పటికీ అడగదు.

సిద్ధయ్య కులంవాళ్లు నంద్యాల, కర్నూలు, కడప జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. పేర్లు ఇమామప్ప, హుసేనమ్మ. పీర్ల పండగ చేస్తారు, ఊరి దేవర కొలుపులోనూ ఉంటారు. దూది ఏకే పని మిల్లులొచ్చాక పోయింది. ఉర్దూ రాదని కొందరు ముస్లింలు వాళ్లకు పిల్లనివ్వరు, తురకలని హిందువులు పక్కన పెడతారు. సిద్ధయ్య మఠానికి దణ్ణం పెట్టే చేతులే, సిద్ధయ్య మనవలు ఇల్లు అద్దెకు అడిగితే తలుపు వేస్తున్నాయి. వచ్చే వైశాఖంలో బ్రహ్మంగారి ఆరాధనకు వెళ్లేవాళ్లు ముడుమాల దాకా కూడా వెళ్లాలి. వెళ్లి అక్కడివాళ్లతో ఒకే పంక్తిలో కూర్చుని తినాలి. సత్రాల బోర్డుల మీది కులం పేరు చెరిపేయడానికి సర్కారు ఉత్తర్వు అక్కర్లేదు, కట్టించినవాళ్ల వారసులు తలచుకుంటే ఒక్క రోజు పని.