పోస్ట్ డ్రైవర్

కంచె గుంజలను గొయ్యి తవ్వకుండా నేరుగా నేలలోకి దిగగొట్టే యంత్రం. న్యూజిలాండ్ గొర్రెల క్షేత్రాల్లో ఇది సర్వసాధారణం. అక్కడ ట్రాక్టర్‌కు బిగించిన నిలువు పట్టాల మధ్య 200 కిలోలకు పైబడిన ఇనుప దిమ్మెను హైడ్రాలిక్ శక్తితో పైకెత్తి, గుంజ తలపై వదులుతారు. రసాయనాలతో శుద్ధిచేసిన రేడియేటా పైన్ గుంజను మొన కిందికి ఉంచి కొడతారు. 1.8 మీటర్ల గుంజలో దాదాపు మూడో వంతు భూమిలోకి దిగుతుంది.

తవ్వి పాతిన గుంజ చుట్టూ పూడ్చిన మట్టి ఎంత దిమ్మిస కొట్టినా కొంత గుల్లగానే ఉంటుంది. దిగగొట్టిన గుంజ మాత్రం మట్టిని పక్కలకు నెట్టి గట్టిపరుస్తుంది, అందుకే అది వెంటనే తీగ లాగుడుకు తట్టుకుంటుంది. రాతినేలలో ముందుగా గుంజకంటే సన్నని రంధ్రం తొలచాలి.

ఇనుప గుంజలకు చేతితో పట్టుకునే పెట్రోల్ యంత్రాలున్నాయి. వాటి మోతకు చెవిరక్షణ తప్పదు. పెద్ద యంత్రాల దగ్గర అసలు ముప్పు దిమ్మెకూ గుంజకూ మధ్య చేయి పడటమే. భూగర్భ కేబుళ్లు, పైపులు ఎక్కడున్నాయో ముందే తెలుసుకోవాలి.

తెలుగు నేలపై పొలాల చుట్టూ కనిపించే రాతి కడీలకు ఈ యంత్రం పనికిరాదు. దెబ్బకు రాయి పగులుతుంది, కాబట్టి వాటికి గొయ్యి తీయవలసిందే.