ముఖమునకు తగిలిన కాటు

వెఱ్ఱికుక్క కఱచినవాడు నీటిని జూచి భయపడుట మరణచిహ్నమని సుశ్రుతసంహిత కల్పస్థానమున జెప్పబడియున్నది. ఆ జలభీతినే నేడు రేబీస్ అనుచున్నారు. దాని విషము నరముల వెంట మెదడును జేరును. కాలిగాయమునుండి మెదడు దూరము. చెక్కిలిగాయమునుండి మిక్కిలి దగ్గఱ. ఈ సామీప్యమే వైద్యులను దాదాపు 70 ఏండ్లు బాధించినది.

1885 జూలై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాశ్చరు, వెఱ్ఱికుక్క కఱచిన జోసెఫ్ మైస్టర్ అను 9 ఏండ్ల బాలునకు టీకా లారంభించెను, బాలుడు బ్రదికెను. మఱుసటి యేడు మార్చి మాసమున రష్యాలోని స్మొలెన్స్క్ సీమనుండి వెఱ్ఱితోడేటి వాతబడిన 19 మంది పాశ్చరుకడకు వచ్చిరి. వారిలో 16 మంది బ్రదికిరిగాని, ముగ్గురు టీకాలు పొందియు మరణించిరి. తోడేలు తఱచుగా ముఖముపైకే లంఘించును. టీకావలన దేహమున రక్షణశక్తి పుట్టుటకు దినములు పట్టును. దగ్గఱి దారిని బోవు విషము అంతవఱకు వేచియుండదు.

ఈ లోపము దీర్చు సాధనము 1954 ఆగస్టులో ఇరాన్ దేశమున ఋజువయ్యెను. సహనే గ్రామమున నొక వెఱ్ఱితోడేలు 29 మందిని కఱచెను. అందు 18 మందికి గాయములు తలపైననే. టెహరాన్ పాశ్చరు సంస్థకు జెందిన బల్తజార్, బహ్మన్యార్ అను వైద్యులు వీరిలో 13 మందికి టీకాతోపాటు సీరమునుగూడ నిచ్చిరి. అదివఱకే రక్షణశక్తి పొందిన ప్రాణి నెత్తుటినుండి తీసినది గనుక సీరము వెంటనే పనిచేయును. ఆ 13 మందిలో ఒక్కరే మరణించిరి. టీకామాత్రమే పొందిన అయిదుగురిలో ముగ్గురు మరణించిరి. పుఱ్ఱె పగిలి, మెదడుపై పొర చినిగిన 6 ఏండ్ల బాలుడును సీరముచే బ్రదికెను.

ఈ చరిత్ర మన యిండ్లకు దూరమైనది కాదు. బిడ్డలు పొట్టివారగుటచే కుక్కనోరు వారి ముఖమున కందును. అట్టివేళ కారము, సున్నము పూయుటయు, మంత్రగాని వెదకుటయు గాలమును హరించును. పాఱు నీటితో, సబ్బుతో 15 నిమిషములు గాయమును గడిగి, తోడనే వైద్యాలయమునకు గొనిపోవలెను. అచట టీకా వేయించుటతో దీఱదు. సీరమును గాయములోనికే యెక్కింపవలెను. ముఖము వికారమగునని తల్లిదండ్రులు కుట్లకు తొందరపెట్టుదురు. కుట్టక తప్పనిచోటగూడ సీరము ముందు, వదులుగా వేయు కుట్లు తరువాత. మచ్చను పిమ్మట సరిదిద్దవచ్చును. జలభీతి పుట్టినపిమ్మట ప్రాణము నిలుపగల మందు నేటికిని లేదు.