లడ్లో: కోట, సంత, నడక దారులు

లడ్లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ కౌంటీకి దక్షిణపు కొసన, వేల్స్ సరిహద్దుకు చేరువలో ఉన్న సంత పట్టణం. టీమ్ నది ఒంపు తిరిగేచోట, కార్వ్ నది వచ్చి దానిలో కలిసే తావుకు పైనున్న మిట్ట మీద వెలసింది. ష్రూస్‌బరీకి దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్లు, హెరెఫర్డ్‌కు ఉత్తరంగా సుమారు 38 కిలోమీటర్ల దూరం. జనాభా పదివేలకు అటూ ఇటూ. ఇంత చిన్న ఊళ్లో 500 దాకా కట్టడాలు ప్రభుత్వ రక్షిత జాబితాలో ఉన్నాయి. ఆరు వందల ఏళ్లు సరిహద్దు రాజకీయాలకు కేంద్రంగా ఉండి, 1689లో ఆ హోదా పోగొట్టుకున్న పట్టణమిది. ఆ తర్వాత పెద్ద పరిశ్రమలేవీ రాకపోవడంతో పాత వీధులు, గోడలు, చుట్టూ ఉన్న అడవి చాలావరకు చెదరకుండా మిగిలాయి.

ఆవిర్భావం

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక, వేల్స్ వైపు నుంచి దాడులు రాకుండా సరిహద్దు పొడవునా కోటలు కట్టించారు. మార్చెస్ అని పిలిచే ఆ సీమలో డి లేసీ వంశంవారు 11వ శతాబ్ది చివర లడ్లో కోటకు పునాది వేశారు. కోట వాకిలి ఎదుట వెడల్పాటి సంత వీధిని, దాని నుంచి నదివైపు దిగే తిన్నని వీధులను ముందే కొలిచి గీసినట్టుగా పట్టణం పెరిగింది. బ్రాడ్ స్ట్రీట్, మిల్ స్ట్రీట్‌లలో ఆ పథకం నేటికీ కనిపిస్తుంది. 1233లో ఊరి చుట్టూ ప్రాకారం కట్టేందుకు పన్ను వసూలు చేసుకొనే అనుమతి లభించింది. ఆ ప్రాకారానికున్న ఏడు ద్వారాలలో ఇప్పుడు నిలిచి ఉన్నది బ్రాడ్ గేట్ ఒక్కటే. దాని కమాను కింద నుంచి బండ్లు సాగుతుంటే, పైన ఇల్లు ఉంది.

కోట, రాజవంశాలు

కోటలో అతి పాత భాగాలు నార్మన్ల నాటివి. 12వ శతాబ్దపు మేరీ మాగ్డలీన్ ప్రార్థనాలయం గుండ్రంగా కట్టినది. ఈ ఆకారపు ప్రార్థనాలయాలు ఇంగ్లండులో అరుదు. 1139లో స్టీఫెన్ రాజు కోటను ముట్టడించినప్పుడు, లోపలివారు విసిరిన ఇనుప కొక్కెం స్కాట్లండ్ యువరాజు హెన్రీకి తగులుకుందనీ, రాజే స్వయంగా అతణ్ణి విడిపించాడనీ ఆనాటి చరిత్రకారులు రాశారు.

14వ శతాబ్ది ఆరంభంలో వివాహబంధం ద్వారా కోట రోజర్ మార్టిమర్ చేతికి వచ్చింది. రెండవ ఎడ్వర్డును గద్దె దింపి, కొన్నాళ్లు రాజ్యాన్ని తానే నడిపి, 1330లో ఉరికంబమెక్కినవాడు ఇతడే. తర్వాతి శతాబ్దంలో కోట యార్క్ వంశానికి సంక్రమించింది. 1459 అక్టోబరులో లడ్‌ఫర్డ్ వంతెన దగ్గర యార్క్ డ్యూక్ రిచర్డ్ సేన రాజసైన్యానికి ఎదురు నిలిచింది. సేనలో ఒక భాగం శత్రుపక్షానికి ఫిరాయించడంతో రిచర్డ్ రాత్రికి రాత్రే పారిపోయాడు. మరునాడు రాజపక్షమైన లంకాస్టర్ వంశపు సైనికులు ఊరిని దోచుకున్నారు.

రిచర్డ్ కొడుకు నాలుగవ ఎడ్వర్డు రాజయ్యాక లడ్లో దశ తిరిగింది. తన పెద్ద కొడుకును ఇక్కడే ఉంచి పెంచాడు. ఆ బాలుడు 1483లో తండ్రి మరణించినప్పుడు లడ్లోలోనే ఉన్నాడు. రాజుగా లండనుకు బయలుదేరి, తమ్ముడితో పాటు లండన్ టవర్‌లో అదృశ్యమయ్యాడు. 1501 చివర ట్యూడర్ యువరాజు ఆర్థర్, కొత్త పెళ్లికూతురు కేథరిన్ ఆఫ్ ఆరగాన్‌తో ఈ కోటకు వచ్చాడు. 1502 ఏప్రిల్ 2న పదిహేనేళ్ల ప్రాయంలో ఇక్కడే కన్నుమూశాడు. కేథరిన్ ఆ తర్వాత అతని తమ్ముడు ఎనిమిదవ హెన్రీని పెళ్లాడింది. ఆ పెళ్లి రద్దు విషయంలో తలెత్తిన తగాదా చివరకు ఇంగ్లండు చర్చి రోమ్‌తో తెగతెంపులు చేసుకోవడానికి దారితీసింది.

వేల్స్‌ను, సరిహద్దు కౌంటీలను పాలించే మండలికి లడ్లో కోట నిలయమైంది. మండలి అధ్యక్షుడిగా జాన్ ఈజర్టన్ నియమితుడైన సందర్భంగా జాన్ మిల్టన్ రచించిన ‘కోమస్’ అనే దృశ్యకావ్యాన్ని 1634 సెప్టెంబరు 29న ఈ కోటలోనే మొదటిసారి ప్రదర్శించారు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య సాగిన అంతర్యుద్ధంలో 1646లో కోట పార్లమెంటు పక్షానికి లొంగిపోయింది. 1689లో మండలి రద్దయ్యాక పట్టించుకొనేవారు లేక కప్పులు కూలి శిథిలమైంది.

సంత, చర్చి, వీధులు

పట్టణ సంపదకు మూలం ఉన్ని. సరిహద్దు గుట్టల మీద మేసే గొర్రెల ఉన్ని, తర్వాత బట్టల నేత, 18వ శతాబ్దంలో చేతి తొడుగుల తయారీ ఊరిని పోషించాయి. సంత వీధిలో మొదట వేసిన తాత్కాలిక దుకాణాలు క్రమంగా పక్కా ఇళ్లయ్యాయి. కోట నుంచి బటర్‌క్రాస్‌కు వెళ్లే దారిలోని ఇరుకు సందులు అలా ఏర్పడినవే. బటర్‌క్రాస్ భవనం 1740ల నాటిది. చెక్కడపు కొయ్య ముఖభాగంతో ప్రసిద్ధమైన ఫెదర్స్ హోటల్ భవనాన్ని 1619లో రీస్ జోన్స్ అనే న్యాయవాది కట్టించాడు. కోట ముందరి చౌకులో విక్టోరియా కాలపు టౌన్ హాలు ఒకటి ఉండేది. 1986లో దాన్ని కూల్చివేయడంతో అంగళ్లకు ఆ జాగా తిరిగి దక్కింది.

సెయింట్ లారెన్స్ చర్చి ఇంగ్లండులోని అతి పెద్ద పారిష్ చర్చిలలో ఒకటి. దాని 41 మీటర్ల గోపురం చుట్టుపక్కల గుట్టల నుంచి కూడా కనిపిస్తుంది. పామర్స్ గిల్డ్ అనే సంపన్న ధార్మిక సంఘం విరాళాలతో 15వ శతాబ్దంలో చర్చి చాలావరకు కొత్త రూపు దాల్చింది. గాయకుల ఆసనాల కింద చెక్కిన కొయ్య బొమ్మలలో ఆనాటి జనజీవనం, ఎకసెక్కాలు రెండూ కనిపిస్తాయి. 1896లో ‘ఎ ష్రాప్‌షైర్ లాడ్’ కావ్యాన్ని వెలువరించిన కవి ఎ.ఇ. హౌస్‌మన్ చితాభస్మాన్ని 1936లో ఈ చర్చి గోడ పక్కన ఉంచారు.

క్లైవ్ వంశం, తొలి విహార బాటలు

18వ శతాబ్ది చివరలో శిథిలాలను చూసి ఆనందించడం ఇంగ్లండు సంపన్నులకు వేడుకైంది. 1772లో పావిస్ ప్రభువు కోటను కౌలుకు తీసుకున్నాక, ఆ కుటుంబం కోట చుట్టూ చెట్లు నాటించి, జనం తిరగడానికి కంకర బాటలు వేయించింది. లడ్లోలో కేవలం విహారం కోసం ఏర్పడిన తొలి దారులలో ఇవి ముఖ్యమైనవి.

1811లో కోటను రాజ్యం నుంచి కొన్న పావిస్ ప్రభువు ఎడ్వర్డ్ క్లైవ్. ఇతడు రాబర్ట్ క్లైవ్ కొడుకు, 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరు. 1800లో నిజాం కడప, అనంతపురం, బళ్లారి, కర్నూలులో కొంత భాగం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినప్పుడు, ఆ దత్తమండలాలు చేరింది ఇతని పాలన కిందికే. భార్య హెన్రియెటా అదే ఏడాది కూతుళ్లతో మద్రాసు నుంచి మైసూరు మీదుగా దక్షిణ భారతమంతా తిరిగి దినచర్య రాసింది, మొక్కలను, రాళ్లను సేకరించింది.

రాళ్లు చెప్పిన చరిత్ర

నదికి ఆవలి ఒడ్డున ఉన్న విట్‌క్లిఫ్ గుట్ట ఊరివారి ఉమ్మడి బీడు. 1830లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రోడరిక్ మర్చిసన్ ఈ ప్రాంతపు రాతి పొరలను, స్థానిక మతగురువు టి.టి. లూయిస్ వంటివారి సాయంతో పరిశీలించి, 1839లో ‘ది సైలూరియన్ సిస్టమ్’ గ్రంథాన్ని ప్రచురించాడు. సుమారు 42.7 కోట్ల నుంచి 42.3 కోట్ల ఏళ్ల కిందటి కాలఖండాన్ని ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రజ్ఞులు లడ్లో యుగం అని వ్యవహరిస్తారు. అప్పట్లో ఇక్కడ వెచ్చని లోతు తక్కువ సముద్రం ఉండేది. చేపల పొలుసులు, ఎముక ముక్కలతో నిండిన పలుచని ‘లడ్లో బోన్ బెడ్’ పొర ఆ సముద్రపు ఆనవాలు. ఆ పొర దగ్గరే సాలీడును పోలిన ప్రాణి, జెర్రి శిలాజాలు దొరికాయని 1990లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అప్పటికి తెలిసిన నేలమీది జంతువులలో అవి అత్యంత ప్రాచీనమైనవి.

నడక దారులు

ఇంగ్లండులో పొలం యజమానిదైనా దాని గుండా పోయే పాత బాట ప్రజలది. 1949 నాటి చట్టం అలాంటి బాటలను అధికారిక పటాలలో నమోదు చేయించింది. 2000 నాటి చట్టం బీడుభూములలోను, గుట్టల మీదా స్వేచ్ఛగా నడిచే హక్కు కల్పించింది. లడ్లో చుట్టూ నడకలు సాగేది ఈ హక్కుల మీదనే.

అందరికీ అందుబాటులో ఉన్నది బ్రెడ్ వాక్. మధ్యయుగపు లడ్‌ఫర్డ్ వంతెన నుంచి డిన్హమ్ వంతెన వరకు నది ఒడ్డునే సాగుతుంది. ఈ బాట వేసిన కూలీలు డబ్బులిస్తే తాగేస్తారని రొట్టెలు ఇచ్చారని ఊళ్లో చెప్పుకుంటారు. పైనున్న విట్‌క్లిఫ్ నుంచి కోట, చర్చి గోపురం, వెనుక క్లీ కొండలు ఒక్క చూపులో కనిపిస్తాయి. అక్కడి నుంచి మొదలయ్యే మార్టిమర్ ఫారెస్ట్‌లో పొడవాటి బొచ్చుగల ప్రత్యేకమైన ఫాలో జింకలు ఉన్నాయి. అడవిలో భూగర్భ విశేషాలు చూపే బాట ఒకటుంది. 375 మీటర్ల హై విన్నల్స్ శిఖరం దాకా ఎక్కవచ్చు. దూరం నడిచేవారికి లడ్లో నుంచి కింగ్టన్ దాకా 48 కిలోమీటర్ల మార్టిమర్ ట్రైల్ ఉంది.

తూర్పున 533 మీటర్ల టిటర్‌స్టోన్ క్లీ మీద ఇనుపయుగపు కోట ఆనవాళ్లు, రోడ్ల కోసం నల్లరాయి తవ్విన పాత క్వారీల శిథిలాలు కనిపిస్తాయి. వాయవ్యాన సుమారు 11 కిలోమీటర్ల దూరంలోని స్టోక్‌సే కోటను ఉన్ని వర్తకుడు లారెన్స్ ఆఫ్ లడ్లో 13వ శతాబ్ది చివర కట్టించాడు. 1291లో దానికి రక్షణ గోడల అనుమతి పొంది, 1294లో ఉన్ని ఓడ మునిగి మరణించాడు.

నేటి లడ్లో

1852లో రైలు వచ్చింది. 1995లో మొదలైన ఆహారోత్సవం కోట ఆవరణలో జరుగుతుంది. 2003లో బ్రిటన్‌లో ‘చిట్టాస్లో’ అనే నెమ్మది జీవన పట్టణాల సమాఖ్యలో చేరిన తొలి ఊరు ఇదే. పాతదనాన్ని నిలబెట్టడం తేలికేమీ కాలేదు. 2007 వరదలో కార్వ్ మీది వంతెన కూలింది. 2013లో చర్చి వెనుక ప్రాకారంలో కొంత భాగం పడిపోయింది. కోట ఇప్పటికీ పావిస్ వంశపు ఆస్తిగానే ఉండి, టికెట్టుపై సందర్శకులను అనుమతిస్తుంది. చుట్టూ ఉన్న నడక బాటలకు రుసుము లేదు. రక్షిత శిలా స్థలాలలో సుత్తి వాడటం మాత్రం నిషిద్ధం.