ఆరు చెక్కులు, రెండు కోర్టులు.. కేసులన్నీ ఒకేచోట విచారణకు రావాలంటే?

బాకీ ఒక్కటే. వాయిదాల్లో తీరుస్తానని వ్యాపారి ఆరు చెక్కులు రాసిచ్చాడు. రెండింటిని మీరు విజయవాడలోని మీ ఖాతాలో వేశారు. తర్వాత హైదరాబాద్‌కు మకాం మార్చి, మిగతా నాలుగింటిని కూకట్‌పల్లి బ్రాంచిలోని ఖాతాలో వేశారు. ఆరూ బౌన్స్ అయ్యాయి. ఇప్పుడు రెండు ఊళ్లలో కేసులు, ఇద్దరు లాయర్లు, రెండుచోట్లా వాయిదాలు. ఒరిజినల్ అగ్రిమెంటు ఒక కోర్టులో దాఖలు చేస్తే రెండో కోర్టులో ఏం చూపిస్తారు? అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. బాకీ ఉందని ఒక కోర్టు, లేదని మరో కోర్టు తీర్పు ఇస్తే?

దాదాపు ఇలాంటి వివాదమే 2023లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఒకే లావాదేవీకి సంబంధించిన ఆరు చెక్కుల్లో రెండింటిపై నాగ్‌పుర్‌లో, నాలుగింటిపై ఢిల్లీలోని ద్వారకలో కేసులు నడుస్తున్నాయి. పొంతన లేని తీర్పులు రాకుండా ఉండాలంటే అన్నీ ఒకేచోట తేలడం మంచిదని చెబుతూ నాగ్‌పుర్ కేసులను ద్వారకకు పంపింది. అడిగింది చెక్కులు ఇచ్చిన పక్షం కాదు, డబ్బు రావాల్సిన పక్షమే.

అసలు రెండు కోర్టులు ఎందుకు వస్తాయి?

చెక్కును ఖాతాలో వేస్తే, మీ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే కేసు వేయాలి. 2015 సవరణతో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని సెక్షన్ 142(2) ఈ మాట స్పష్టం చేసింది. ప్రయాణంలో ఉండి ఏ ఊరి బ్రాంచిలో చెక్కు ఇచ్చినా లెక్కలోకి వచ్చేది మీ ఖాతా ఉన్న బ్రాంచే. కాబట్టి రెండు ఊళ్లలో రెండు ఖాతాలు వాడినప్పుడే ఈ తలనొప్పి మొదలవుతుంది.

దీనికి మందు కూడా అదే సవరణలో ఉంది, చాలామంది గమనించరు. సెక్షన్ 142ఎ(2) ప్రకారం, చెక్కు ఇచ్చిన వ్యక్తిపై మీరు ఒక కోర్టులో ఫిర్యాదు వేసి ఉంటే, అదే వ్యక్తిపై తర్వాత వేసే చెక్ బౌన్స్ ఫిర్యాదులన్నీ ఆ కోర్టులోనే వేయాలి. తర్వాతి చెక్కులు వేరే ఊళ్లో జమచేసినా సరే. అంటే పై ఉదాహరణలో మొదటి కేసు విజయవాడలో పడి ఉంటే, కూకట్‌పల్లి చెక్కుల కేసులూ అక్కడే వేయాల్సింది. అందుకే మొదటి ఫిర్యాదు ఎక్కడ వేస్తున్నారన్నది ఆచితూచి నిర్ణయించుకోండి. అయితే ఇది ఇచ్చినవారూ, పుచ్చుకున్నవారూ ఒకరే అయినప్పుడే వర్తిస్తుంది. రెండు చెక్కులు మీ పేరున, రెండు మీ భార్య పేరున ఉంటే బదిలీ కోరడమే మార్గం.

ఎవరిని అడగాలి?

కేసులు ఒకే సెషన్స్ డివిజన్‌లోని వేర్వేరు మేజిస్ట్రేట్ కోర్టుల్లో ఉంటే సెషన్స్ జడ్జికి పిటిషన్ పెట్టుకోవాలి (బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 448). అక్కడ కాదంటేనే హైకోర్టు. జిల్లాలు వేరైతే నేరుగా హైకోర్టుకే (సెక్షన్ 447). కూకట్‌పల్లి నుంచి నాంపల్లికి మెట్రోలో వెళ్లిపోవచ్చు గానీ, కోర్టుల లెక్కలో జిల్లా మారుతుందని మరవొద్దు.

విజయవాడ, హైదరాబాద్ అయితే కథ వేరు. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకు వేర్వేరు హైకోర్టులు వచ్చాయి. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి కేసు మార్చే అధికారం సుప్రీంకోర్టుదే (సెక్షన్ 446). అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి, దానికి ఢిల్లీలో అడ్వకేట్ ఆన్ రికార్డ్ కావాలి. చిన్న మొత్తాల చెక్కులకు ఈ ఖర్చు గిట్టుబాటు అవుతుందో లేదో ముందే లెక్కేసుకోండి.

‘నాకు దూరం, రాలేను’ అంటే మాత్రం సరిపోదు. చండీగఢ్‌లోని కేసును కోయంబత్తూరుకు మార్చాలన్న నిందితుల పిటిషన్‌ను 2025 మార్చిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నిందితుడికి అసౌకర్యం అన్నది ఒక్కటే బదిలీకి కారణం కాదంది. అన్ని చెక్కులూ ఒకే లావాదేవీవి, సాక్షులూ పత్రాలూ అవే అని చూపగలిగితే మీ వాదనకు బలం ఉంటుంది. అగ్రిమెంటు, లెడ్జర్, ప్రతి చెక్కుకూ పంపిన నోటీసు జతచేయండి. ఒకచోట క్రాస్ ఎగ్జామినేషన్ అయిపోయి, ఇంకోచోట సమన్లే అందని దశలో అడిగితే ఒప్పించడం కష్టం. అడిగేదేదో తొలిదశలోనే అడగండి.

ఒకే కోర్టు అంటే ఒకే కేసు కాదు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. అన్నీ ఒకే జడ్జి ముందుకు వచ్చినా, ప్రతి బౌన్స్ చెక్కూ విడి నేరమే. ఏడాది వ్యవధిలో జరిగిన ఒకే తరహా నేరాలు ఐదు వరకు కలిపి విచారించడానికి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 242 వీలు కల్పిస్తోంది. 2024 జులై 1 నాటికే పెండింగ్‌లో ఉన్న పాత కేసులకు వర్తించే సీఆర్‌పీసీలో ఈ పరిమితి మూడే. అన్నీ ఒకే లావాదేవీలో భాగమైతే ఈ సంఖ్య అడ్డు కాదని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పులోనే ఇంకో ఊరట ఉంది. అలాంటి కేసులు ఒకే కోర్టులో ఉంటే, ఒకదాంట్లో సమన్లు అందితే మిగతావాటిలోనూ అందినట్టే.

చెక్కులు ఇచ్చినవారికీ ఇందులో పట్టింపు ఉంది. ప్రతి కేసులో రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడొచ్చు. ఒకే లావాదేవీ అని తేలితే జైలుశిక్షలు ఏకకాలంలో అమలయ్యేలా కోర్టు ఆదేశించవచ్చు. కేసులు చెల్లాచెదురుగా ఉంటే ఆ సంగతి చూపడమే కష్టం.

గడువుల దగ్గర మాత్రం జాగ్రత్త. బదిలీ సంగతి తర్వాత చూద్దామని కొత్త చెక్కుల ఫిర్యాదు ఆపకండి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక చెల్లింపునకు 15 రోజులు, ఆపై నెలలోపు ఫిర్యాదు. ఇవి ప్రతి చెక్కుకూ విడివిడిగా నడుస్తాయి. అలాగే బదిలీ పిటిషన్ వేసినంత మాత్రాన కింది కోర్టులో విచారణ ఆగదు. స్టే రాకుండా వాయిదాకు వెళ్లడం మానేస్తే ఫిర్యాదుదారు కేసు కొట్టేసే ప్రమాదం ఉంది, నిందితుడికైతే వారెంటు రావొచ్చు.

ఉత్తర్వు వచ్చాక సర్టిఫైడ్ కాపీని రెండు కోర్టుల్లోనూ దాఖలు చేయండి. బదిలీ అయిన కేసు కొత్త కోర్టులో ఏ నంబరుతో నమోదైందో కనుక్కుని, తదుపరి వాయిదా ఎప్పుడో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో చూసుకోండి. అన్ని కేసులకూ ఒకే తేదీ ఇవ్వాలని మొదటి వాయిదాలోనే మెమో వేయండి.