పొనికి చెక్క, చింతగింజల జిగురు

నిర్మల్ బొమ్మ చెక్కేటప్పుడు రాలిన పొట్టు మళ్ళీ ఆ బొమ్మలోకే పోతుంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు కర్రబొమ్మల మీద మమకారం రెట్టింపయింది. కాలూ చెయ్యీ తొండమూ విడివిడిగా పొనికి చెక్కతో చెక్కుతారు. చింతగింజల పిండి ఉడికించి జిగురు చేసి, అందులో సన్నటి రంపపు పొట్టు కలుపుతారు. ఆ ముద్దతోనే అవయవాలు అతుకుతారు, సందులు పూడుస్తారు, ఉలి మరీ లోతుకు దిగిన చోట మళ్ళీ కండ పెడతారు. రాయి చెక్కేవాడికి ఈ వెసులుబాటు లేదు. ముక్కు విరిగితే విరిగినట్టే. కొత్తగా ఉలి పట్టాలనుకునేవాళ్ళకు ఇంత ధైర్యమిచ్చే విద్య మన దగ్గర ఇంకొకటి ఉందనుకోను.

బీర్కూర్‌లో ఉండేవాళ్ళకు నిర్మల్ పరాయి ఊరు కాదు. మా పక్కన పారే మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరిని సోన్ దగ్గర దాటితే నిర్మల్ వచ్చినట్టే. నిజామాబాద్ నుంచి విడిపోయిన మా కామారెడ్డి, ఆదిలాబాద్ నుంచి విడిపోయిన నిర్మల్, రెండూ 2016 అక్టోబరు 11న ఒకే రోజు జిల్లాలయ్యాయి.

చింతగింజ జాడ పట్టుకుని పోతే చుట్టాలు చాలామందే తేలారు. కొండపల్లిలో ఈ ముద్దను మక్కు అంటారు. అంబారీ ఏనుగు మీది మావటి, కల్లు గీసే గౌడన్న, ఎడ్లబండి అన్నీ మక్కుతోనే నిలబడతాయి. చేర్యాల నకాషీ చిత్రకారులు చేసే ముసుగుల్లోనూ పొట్టు, చింతగింజల జిగురే. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో మాత్రం జిగురుతో పని లేదు. అక్కడ అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. లక్కలో కలిపే రంగుల్ని మళ్ళీ చెట్ల నుంచి తీయడానికి పాటుపడిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. నెల్లూరు జిల్లా ఉదయగిరి గరిటెలకు రంగూ లేదు, అతుకూ లేదు. చెక్కిన నునుపే వాటి అందం.

ఇక పాత కాలానికి పోదామంటే చెద అడ్డం వస్తుంది. తెలుగు నేల మీద అతి పాత వడ్రంగం రాతిలో దొరుకుతుంది. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో క్రీస్తుకు పూర్వమే కొండను తొలిచిన గుండ్రటి చైత్యం ఉంది. దాని లోకప్పుకు వాసాలు చెక్కారు. రాతి కప్పుకు వాసాల ఆసరా అక్కర లేదు. అయినా కర్ర గుడిసెలు కట్టి అలవాటైన చేతులు వాసం లేకుండా కప్పును ఊహించలేకపోయాయి. ఆ గుడిసెలన్నీ మట్టిలో కలిశాయి. తర్వాతి వందల ఏళ్ళలో చెక్కిన రథాలూ దర్వాజలూ చెదకో నిప్పుకో పోయినవే ఎక్కువ. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం ఒక్క రాత్రిలో కాలిపోయింది. మరుసటి ఏడాది కొత్తది చేయించారు గానీ, పాత చెక్కలో ఉన్న ఉలి గీతలు ఎవరు తెస్తారు?

నిర్మల్‌కు వస్తే, 17వ శతాబ్దంలో నిమ్మనాయుడు పనివాళ్ళను చేరదీసి ఊరికి తన పేరిచ్చాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నిజాం కోసం ఫిరంగులు పోతపోసిన ఊరే బొమ్మలకూ పేరు పొందడం నాకు విడ్డూరంగా ఉంటుంది. నిజాం ఆ ఊరికి వచ్చినప్పుడు ఆయన కూర్చునే చోట పైన అరటిపువ్వు లాంటి మొగ్గ వేలాడదీశారనీ, తాడు లాగగానే అది విచ్చుకుని బంగారు రేకులు ఆయన మీద రాలాయనీ ఒక కథ ఉంది.

నాకు ఇష్టమైన కాలం మాత్రం ఇరవయ్యో శతాబ్దానిది. 1937 నుంచి 1941 వరకు హైదరాబాద్ సంస్థాన ప్రధానిగా ఉన్న సర్ అక్బర్ హైదరీ భార్య అమీనా హైదరీకి నిర్మల్ పని మీద మక్కువ. 1908 మూసీ వరదల్లో బాధితులకు సేవ చేసిన మనిషి ఆమె. ఆమె ఆదరణతో నిర్మల్ పనివాళ్ళకు హైదరాబాద్‌లో చోటు దొరికింది, వాళ్ళ బొమ్మలూ పెట్టెలూ దివాన్‌ఖానాలకు చేరాయి. మామిడిపండు, సీతాఫలం, నెమలి, జింక అన్నీ పొనికి చెక్కలోంచే వచ్చాయి. నిర్మల్‌లో 1955లో పనివాళ్ళ సహకార సంఘం ఏర్పడింది. అయితే పట్నం కొనుగోలుదార్ల వెంట డ్యూకో రంగులూ వచ్చాయి. మెరుపు పెరిగింది. చెట్ల పసరుతో, రాళ్ళ పొడితో రంగు తీసే తెలివి వెనక్కి పోయింది. అది పెద్ద నష్టమనే నేనంటాను.

అదే హైదరాబాద్‌లో 1951 డిసెంబరులో సాలార్‌జంగ్ మ్యూజియం తెరిచారు. అందులో ఒకే మొద్దులో చెక్కిన జంట బొమ్మ ఉంది. ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, వెనక పెట్టిన అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. యూరప్‌లో 19వ శతాబ్దంలో సికమోర్ చెక్కతో చేసిన పని. ముందువైపు ఉలి ఒక గీటు లోతుకు దిగితే వెనక ఉన్న అమ్మాయికి గాయం తగిలేది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. కానీ ఉలి నేర్చుకోవాలనిపించింది మాత్రం నిర్మల్ మామిడిపండును చూశాకే.

ఇప్పుడు కొరత పొనికి చెట్టుకే. మన దేశంలో బాగా తేలికైన కర్రల్లో అదొకటి. గింజ పెంకు రాయిలా ఉంటుంది, విత్తితే సులభంగా మొలవదు. అడవిలో కొట్టినంత వేగంగా పెరగదు. బొమ్మలకు గుర్తింపులూ ముద్రలూ ఇచ్చినంత శ్రద్ధగా ఈ మొక్కను పెంచితే బాగుండేది. ఊళ్ళలో టేకు దర్వాజల మీద పువ్వులూ చిలకలూ చెక్కించుకునే రోజులు కూడా పోయాయి. ఇప్పుడు యంత్రం కొట్టిన డిజైన్ వంద ఇళ్ళకు ఒకటే వస్తున్నది.

చెయ్యి తిప్పాలనే కోరిక ఉన్నవాళ్ళకు టేకు మొదట్లో వద్దు, మొండికేస్తుంది. పొనికి దొరక్కపోతే కొత్తగా కొట్టిన పచ్చి వేపకొమ్మ చాలు. వంకాయో మామిడికాయో ఎంచుకోవాలి, మనిషి ముఖం జోలికి పోవద్దు. బొగ్గుతో గీసుకుని, రంపంతో మూలలు తీసి, చాకుతో కొద్దికొద్దిగా తియ్యాలి. చెక్కలో నార ఎటు పోతున్నదో చూసి ఆ వాటంలోనే కొయ్యాలి, ఎదురు పోతే పెళ్ళ లేస్తుంది. చాకు కదిలే దారిలో రెండో చెయ్యి ఉండకూడదు. బొమ్మను నీడలో నిదానంగా ఆరనివ్వాలి, ఎండలో పెడితే పగులుతుంది. పొట్టు ఊడ్చి పారెయ్యకుండా జల్లించి దాచుకోవాలి. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి ఉడికిస్తే జిగురు సిద్ధం. అన్నిటికన్నా ముందు పనిముట్టుకు పదును పెట్టడం రావాలి. మొద్దు చాకును బలం పెట్టి నొక్కితేనే చెయ్యి తెగేది. సానరాయి మీద ఉలిని ఎంత వాలుగా పట్టాలో ఊళ్ళో వడ్లాయన్ని అడిగితే చేసి చూపిస్తాడు. ఆ పని తెలిసిన పెద్దవాళ్ళు మా వైపు ఊళ్ళలో ఇంకా ఉన్నారు, వాళ్ళ దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టడానికి దసరా సెలవులు చాలు.